ఇంటి మాట చెప్పినవాళ్లకే బిడ్డ

పోలీసు ఉద్యోగం చేసి దిగినవాడు తన అనుభవాలు రాస్తున్నాడంటే చదివేవాళ్లు దొంగల కోసం వెతుకుతారు. నేనూ దొంగలను పట్టాను. నిజం చెప్పాలంటే వాళ్లే దొరికారు. ఒకడు కల్లు తాగి వాగి దొరికాడు. ఇంకొకడు పెండ్లాంతో తగువు పెట్టుకుంటే ఆవిడే వచ్చి ఠాణాలో చెప్పింది. అందులో నా గొప్పేమీ లేదు.

నేను మీసం మెలేసి చెప్పుకునే పని వేరే ఉంది. నిజాం సర్కారు చివరి రోజుల్లో, నల్లగొండ జిల్లాలో, తిరుమలగిరి అవతల ఒక గుట్ట మీద జరిగే జాతరలో తప్పిపోయిన పిల్లల డేరా తొమ్మిదేళ్లు నడిపాను. మొదటి ఏడు జరిగిన పొరపాటు పక్కన పెడితే, ఒక్క బిడ్డ కూడా పరాయి చేతికి పోలేదు. ఈ మాట నలుగురిలో చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. నా మనవడు ఈ మధ్యనే పోలీసులో చేరాడు. వాడూ, వాడి తోటివాళ్లూ చదవాలని రాస్తున్నాను. నాకు జమేదారీ ఎప్పుడొచ్చింది, ఎవరిచ్చారు, ఏ కాగితం మీద వచ్చింది, అవన్నీ వదిలేస్తున్నాను. వాటితో ఎవరికీ పని లేదు.

నా పేరు సైదులు. మాది కట్టంగూర్ దగ్గర పల్లె. మా బాపు దూది ఏకేవాడు. ఇంట్లో తెలుగు, నమాజులో అరబ్బీ, ఠాణాలో ఉర్దూ. ఈ మూడూ కాని నాలుగో భాష ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుందని ఆ డేరాలోనే నాకు తెలిసింది.

గుండ్లన్నీ ఒకటే

ఆ జాతరకు జనం వచ్చేదే పిల్లల పుట్టువెంట్రుకలు తీయించే మొక్కు కోసం. గుట్ట కింద మంగళ్లు వరసగా కూర్చుని పొద్దున్నుంచి గుండ్లు చేస్తూనే ఉండేవాళ్లు. గుండు కాగానే గంధం రాస్తారు, నడుముకు ఎర్ర మొలతాడు కడతారు, కాళ్లకు వెండి కడియాలు వేస్తారు. ఇక ఆ పిల్లవాడు గుంపులో చెయ్యి జారితే వెతకడం ఎవరి తరం?

"ఎట్లుంటడమ్మా నీ కొడుకు?" అని అడిగేవాణ్ని.

"గుండు చేయించినం సారూ. గంధం రాసినం."

"ఇంకేం గుర్తు?"

"ఎర్ర మొలతాడు."

డేరాలో అప్పటికి ఏడుగురు ఉంటే ఏడుగురికీ గుండే, ఏడుగురికీ గంధమే, ఏడుగురికీ ఎర్ర మొలతాడే. పోనీ పిల్లలనే అడుగుదామా అంటే రెండేళ్ల వాళ్లు. ఊరేదిరా అంటే "ఊలు" అంటారు. నాయిన పేరేందిరా అంటే "నాయిన" అంటారు.

పిల్లలను చూసుకోవడానికి నర్సవ్వ అనే మంత్రసానిని సర్కారు జాతర రోజులకు పెట్టింది. అరవై దాటిన మనిషి. నోరు మహా చెడ్డది, చెయ్యి మహా మంచిది. ఎంత ఏడ్చే పిల్ల అయినా ఆమె తొడ మీద పడుకోబెడితే గమ్మున ఊరుకునేది. మా పైన అమీన్ సాబు ఉండేవాడు. ఇప్పటి లెక్కలో ఎస్సై. పట్నం మనిషి, ఉర్దూ తప్ప మాట్లాడితే గౌరవం తగ్గుతుందనుకునేవాడు. పొద్దుగూకే దాకా ఎవరూ రాని పిల్లలను బండెక్కించి తాలూకాకు పంపాలని హుకుం. అక్కడి నుంచి పట్నంలో అనాథల ఇంటికి. ఆ బండి ఎక్కిన పిల్ల మళ్లీ ఇంటికి చేరడం దేవుడి దయ.

మొదటి ఏడు ఒక ముసలాయన వచ్చాడు. మనవడు తప్పిపోయాడన్నాడు. గుర్తులు అడిగితే గుండు, గంధం, మొలతాడు అన్నాడు. నిద్రపోతున్న పిల్లవాణ్ని చూపిస్తే "మావోడే" అని భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. గంట గడిచిందో లేదో, ఒక తల్లి గుండెలు బాదుకుంటూ వచ్చింది. ఆమె కొడుకే ఆ పిల్లవాడు. ముసలాయనకు కళ్లు సరిగా కనిపించవు, ఆ సంగతి నేను చూసుకోలేదు. ఆయన మనవడు వేరే పిల్లవాడు, డేరాలో నర్సవ్వ ఒళ్లోనే ఉన్నాడు. జవానులం నలుగురం బండ్ల బాట పట్టి పరుగెత్తాం. ముసలాయన బండి కట్టుకుని బయలుదేరబోతుంటే దొరికాడు. పిల్లవాడు అప్పటికీ నిద్రలోనే ఉన్నాడు.

అమీన్ సాబు నన్ను తిట్టలేదు. నా ముఖంలోకి చూసి తన ఉర్దూలో ఒక్క మాట అడిగాడు. "నీ బిడ్డను ఎవడన్న గిట్ల ఇచ్చేస్తే ఏం చేస్తవ్ సైదులు?" తిట్టినా బాగుండేది అనిపించింది.

దంకిలి

అప్పటికి మా చాంద్‌బీకి రెండేళ్లు. కందిలిని, అంటే లాంతరును, అది "దంకిలి" అనేది. మొదట మేమంతా నవ్వాం. రెండు రోజులు మా ఆవిడ బీబమ్మ "కందిలి అనవే" అని దిద్దింది. మూడో రోజు పొద్దుగూకుతుండగా మా అమ్మ వాకిట్లోంచి "బీబమ్మా, దంకిలి ముట్టియ్యి" అంది. అంతే. ఆ రోజు నుంచి మా ఇంట్లో కందిలి లేదు, దంకిలే. బిడ్డ పెద్దదై, నాలుక తిరిగి, కందిలి అని చక్కగా అంటున్నా మేం మాత్రం దంకిలి అనే అన్నాం.

ఇలాంటివి మీ ఇంట్లోనూ ఉంటాయి, ఆలోచించుకోండి. మొదట ముద్దుకు అంటాం. తర్వాత నవ్వుకు అంటాం. ఆ తర్వాత ఎందుకు అంటున్నామో మరిచిపోయి అంటాం. కొత్త కోడలు వస్తే నెల తిరక్కుండా ఆమె కూడా అంటుంది. ఇల్లు దాటి గడప అవతలికి పోతే ఆ మాట ఎవరికీ తెలియదు.

ఒకరోజు ఠాణాలో చీకటి పడుతుంటే అలవాటు చొప్పున జవానుతో "దంకిలి ముట్టియ్యిరా" అన్నాను. ఎదురుగా అమీన్ సాబు. జవాను నోరు తెరుచుకుని చూశాడు.

"క్యా బోలే?" అన్నాడు అమీన్ సాబు.

నా ప్రాణం పోయినంత పనైంది. దాచి లాభం లేదని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన మీసం కింద చిన్న నవ్వు కదిలింది.

"మా ఇంట్ల చమ్చాను మచ్చా అంటరు," అన్నాడు ఉర్దూలోనే. "మా పెద్దోడు పెట్టిన పేరు. వాడు ఇప్పుడు వకీలు అయ్యిండు. మచ్చా మాత్రం పోలె."

అంత పెద్ద అమీన్ సాబు ఇంట్లో దస్తర్‌ఖాన్ ముందు కూర్చుని మచ్చా కావాలని అడుగుతాడని తెలిశాక, నాకు ఆయనంటే భయం సగం తగ్గింది. ఆ నవ్వులోనే నాకు ఉపాయం తట్టింది. గుండు ఎవరికైనా ఉంటుంది. ఇంటి మాట ఇంకొకరికి ఉండదు. సాబుకు చెప్పాను. ఆయన ఒక నిమిషం గడ్డం గోక్కుని, "కరో," అని చెయ్యమన్నాడు. నా కింద పని చేసే కొత్తవాడి మాట వినాలని నాకు తర్వాత్తర్వాత తోచిందంటే ఆ ఒక్క "కరో" వల్లనే.

పలక మీద మాటలు

పద్ధతి చెప్తాను, ఇప్పటికీ పనికొస్తుంది.

పిల్ల డేరాలోకి రాగానే పేరూ ఊరూ అడగకూడదు. అడిగితే ఏడుపు తప్ప ఏమీ రాదు. ముందు కడుపు నింపాలి. తర్వాత ఒక్కొక్క వస్తువూ చూపించాలి. బెల్లం ముక్క, నీళ్ల చెంబు, గొంగడి, చెప్పులు, బయట కట్టేసిన మేక. నేను మొదట్లో బడిపంతులులా "ఇదేందిరా?" అని అడిగేవాణ్ని. పిల్లలు నా ముఖం చూసి దడుచుకునేవాళ్లు. నర్సవ్వ నెత్తి కొట్టుకుంది.

"అడుగుతె ఎవడు చెప్తడు బిడ్డా? గా బెల్లం వాని చేతికి అందకుండ జర దూరం పెట్టు. వాడే పేరు వెట్టి పిలుస్తడు."

నిజమే. చెయ్యి చాచి ఏదో ఒకటి అంటారు. అది పలక మీద రాసుకునేవాణ్ని. సర్కారు రిజిస్టరు ఉర్దూలో ఉండేది, అందులో ఈ మాటలు ఇమిడేవి కావు. బువ్వ, జోజో లాంటివి లెక్కలోకి తీసుకోకూడదు. బువ్వ అందరి ఇంట్లోనూ బువ్వే. ఆ ఇంటికే పుట్టిన మాట కావాలి. అలాంటివి మూడు సరిపోతే బిడ్డను ఇచ్చేవాణ్ని.

జనానికి ఇది ఎంత నచ్చిందంటే, ఒక ముసలవ్వ మనవరాలు ముందరే కనిపిస్తున్నా, "చాలమ్మా" అని నేనంటున్నా ఆపకుండా ఇరవై మాటలు చెప్పింది. "ఇంక రెండున్నయి సారూ, ఇనుండ్రి," అని చెప్పి గానీ పిల్లను ఎత్తుకోలేదు. ఒక గడీ నుంచి దివాన్‌జీ వచ్చాడు. దొరవారి బిడ్డ తప్పిపోయింది. మెడలో కండువా, చేతిలో వెండి పిడి కర్ర. చుట్టూ జనాన్ని చూసి, నా చెవి దగ్గరికి వంగి, "చెప్పులను పెచ్చులు అంటరు, మా దొర గూడ గట్లనే అంటడు, బయట చెప్పకు," అన్నాడు. ఇన్నేళ్లు చెప్పలేదు, ఇవాళ చెప్పేశాను.

మూడు జాతరలు ఇలా గడిచాయి. ఒక్క తప్పు లేదు. నా పలక మీద నాకు గుడ్డి నమ్మకం కుదిరింది. నేను చేసిన రెండో తప్పు అక్కడ పుట్టింది. అది మొదటిదానికంటే పెద్దది.

ఒక్క మాటా తెలియని తండ్రి

యుద్ధం నడుస్తున్న రోజులు. ఆ ఏడు ఎండ మండిపోయింది. మధ్యాహ్నం ఒక పిల్లవాణ్ని తెచ్చి డేరాలో వదిలారు. మామూలే, గుండు, గంధం, మొలతాడు. బొద్దుగా ఉన్నాడు, గొంతు పెద్దది. గొంగడి చూసి "దొందడి" అన్నాడు. నీళ్లు చూసి "ఈయి" అన్నాడు. బెల్లాన్ని "బెయ్యం" అన్నాడు. మూడూ పలక మీద రాశాను.

పొద్దు వాలుతుండగా ఇద్దరు మగవాళ్లు వచ్చారు. ఒకడు పాతికేళ్ల లోపువాడు, ఇంకొకాయన తెల్ల మీసాల పెద్దమనిషి. గొర్ల కాపరులు. పాలమూరు దిక్కు నుంచి మూడు రోజులు బండి కట్టుకుని వచ్చారు. పిల్లవాణ్ని చూడగానే చిన్నవాడి కళ్లు మెరిశాయి, కానీ ముందుకు రాలేదు.

"ఏం పేరు?"

"లింగయ్య సారూ. గా పోరడు నా కొడుకు."

"వీని తల్లేది?"

"ఇంటికాడ ఉన్నది. పచ్చి బాలింత, ఇంక పురుడు ఎల్లలె. మా అమ్మ తీస్కొచ్చింది పోరన్ని. ఎండదెబ్బ తాకి దవాఖాన డేరాల పడున్నది. మాట వస్తలేదు."

తల్లి లేదు, అవ్వకు మాట లేదు. అబద్ధం చెప్పేవాడికి ఇంతకంటే వీలేముంటుంది అనుకున్నాను. వెండి కడియాల కోసం పిల్లలను ఎత్తుకుపోయిన కేసులు అంతకు ముందు రెండు చూశాను.

"నీ కొడుకు బెల్లాన్ని ఏమంటడు?"

లింగయ్య పక్కనున్న పెద్దాయన వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు. "తెల్వది సారూ."

"నీళ్లను?"

"తెల్వది."

"గొంగడిని?"

ఈసారి ఆ మాట కూడా రాలేదు. ముఖం ఎర్రబడింది. మళ్లీ పెద్దాయన వైపు చూపు. అది దొంగచూపు అనుకున్నాను.

పెద్దాయనకు కోపం వచ్చింది. "ఏం సారూ, గివేం సవాళ్లు? నేను వాని పెద్దనాయినను. మా తమ్ముడు పోయినకాడి నుంచి ఇల్లు నాదే. పోరగాండ్ల మాటలు మొగోళ్లకేం ఎరుక? గవి ఆడోళ్ల ముచ్చట్లు. గొర్ల లెక్క అడుగు, చెప్త."

పిల్లవాణ్ని దగ్గరికి తెమ్మన్నాను. నర్సవ్వ తెచ్చింది. లింగయ్య ముందు నిలబెట్టగానే వాడు గుక్కపట్టి ఏడ్చి నర్సవ్వ కొంగులో దూరాడు. పెద్దాయన మీసాలు చూసి ఇంకా గట్టిగా ఏడ్చాడు. ఇక నాకు అనుమానమే లేదు. కన్న తండ్రి అంటాడు, ఒక్క మాట తెలియదు, బిడ్డ ముఖం చూడడు. బయట బండికి ఎద్దులు కడుతున్నారు. ఇంకో గంటలో ఈ పిల్లవాడు తాలూకా బాట పడతాడు.

"నిజం చెప్పురా!" అని లింగయ్య చెంప మీద కొట్టాను.

ఈ చెయ్యే, ఇప్పుడు రాస్తున్న చెయ్యే. అతను చెంప తడుముకోలేదు. "నా కొడుకే సారూ," అని మాత్రం అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెద్దాయన కర్ర నేలకేసి కొట్టాడు. ఇద్దరు జవానులు వచ్చి వాళ్లను పట్టుకున్నారు.

నర్సవ్వ పిల్లవాణ్ని చంకన వేసుకుని నన్ను డేరా మూలకు లాక్కుపోయింది.

"నువ్వు పోలీసోనివైతివి గని బుద్ధి రాకపోయె బిడ్డా," అంది. "పక్కన పెద్దనాయిన బండోలె నిలవడ్డడు. ఆయన ముంగట గా పిలగాడు నా కొడుకు గిట్ల ముద్దుగ అంటడని ఎట్ల చెప్తడు? సిగ్గుతోని సావడా? ముందుగాల గా ముసలోన్ని ఎటన్న తోలు."

అప్పుడు నాకు తట్టింది. ఉమ్మడి ఇళ్లలో పెద్దల ముందు మగవాడు తన బిడ్డను ఎత్తుకోడు. ముద్దు చేయడు. పక్కనే పడి ఏడుస్తున్నా, అమ్మనో వదిననో పిలుస్తాడే గానీ తాను ముట్టుకోడు. ముట్టుకుంటే పెద్దల ముందు పెండ్లాం కొంగు పట్టుకున్నంత సిగ్గు. ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ మా బాపు నా చిన్నప్పుడే పోయాడు. నేను సిగ్గుపడాల్సిన మగ పెద్దలు మా ఇంట్లో లేరు. చాంద్‌బీని భుజాన వేసుకుని ఊరంతా తిరిగినవాణ్ని. అందరు తండ్రులూ నాలాగే ఉంటారనుకున్నాను.

పెద్దాయన దగ్గరికి వెళ్లి, "మీ మరదలికి ఎట్లున్నదో చూసి రాపో పెద్దయ్యా. వీడు ఈడనే ఉంటడు," అన్నాను. ఆయన గొణుక్కుంటూ దవాఖాన డేరా వైపు వెళ్లాడు. లింగయ్యను డేరా వెనక్కి తీసుకుపోయి నేల మీద కూర్చోబెట్టాను. నేనూ ఎదురుగా కూర్చున్నాను.

"ఇప్పుడు చెప్పు."

ఇక ఆగలేదు అతను. "గొంగడిని దొందడి అంటడు సారూ. నీళ్లను ఈయి అంటడు. బెల్లం బెయ్యం. గొర్రెపిల్లను దొయ్యెపిల్ల అంటడు. మా ఇంట్ల అందరు గట్లనే అంటరు. మా అమ్మ దొందడి కప్పుకో అంటది. మా వదినె ఈయి తాగు అంటది. నేనొక్కన్నే అనను."

"మరి నీకెట్ల ఎరుక?"

"తడికె ఎన్క పండుకుంట సారూ. అన్ని ఇనవడ్తయి." కొంచెం ఆగి, తల వంచుకుని అన్నాడు. "మందకాడ ఒక్కన్నే ఉన్నప్పుడు గొర్లతోని అంట. దొయ్యె, దా, ఈయి తాగు అని. ఆడ ఎవలు ఉండరు గద."

నమ్మాలనిపించింది. అయినా పోలీసువాణ్ని. ఈ వస్తువుల పేర్లు నేను ముందే పలికి ఉన్నాను, గొంగడి, నీళ్లు, బెల్లం అని. ఇందాక జనంలో ఎవరైనా పిల్లవాడి మాటలు విని ఇతనికి చెప్పి ఉండొచ్చు కదా అని మనసులో ఒక పురుగు. అది ముఖంలో కనిపించిందేమో, లింగయ్యే అన్నాడు.

"మీ నెత్తి మీది రుమాలు సూపెట్టుండ్రి సారూ. మూలా అంటడు."

రుమాలు నేను ఏ పిల్లకూ చూపలేదు. అది నా పట్టీలో లేనే లేదు. డేరాలోకి వెళ్లి, నెత్తి మీంచి ఎర్ర రుమాలు తీసి, నర్సవ్వ చంకలో ఉన్న పిల్లవాడికి అందకుండా కొంచెం దూరంగా పట్టుకున్నాను. వాడు ఏడుపు ఆపాడు. ముక్కు ఎగబీల్చాడు. రెండు చేతులూ చాచాడు.

"మూలా," అన్నాడు.

నర్సవ్వ నా వైపు చూసింది. ఆమె ఏమీ అనకుండా ఉండడం ఆ తొమ్మిదేళ్లలో అదొక్కసారే.

బయటికి వచ్చి లింగయ్యను అడిగాను. "మరి నిన్ను ఏమంటడు?"

"నన్నేమనడు సారూ. నేను ఎన్నడు ఎత్తుకోలే గద."

కానూను

పెద్దాయన తిరిగి వచ్చాడు. మరదలు లేచి కూర్చుని మజ్జిగ తాగిందని చెప్పాడు. ఇక పిల్లవాణ్ని ఆయన చేతికిచ్చి పంపేస్తే నా పని అయిపోయినట్టే. వాళ్లు ఊరికి పోతారు. లింగయ్య మళ్లీ తడిక వెనక పడుకుని వింటాడు. నాకు మనసొప్పలేదు. రిజిస్టరు తెరిచి, నా గొంతు ఎంత పెద్దదో అంత పెద్దగా చదివినట్టు నటించాను.

"సర్కారు కానూను! తప్పిపోయిన బిడ్డ దొరికితే కన్న తండ్రే తన చేతులతోని ఎత్తుకోవాలె. ఇంటిదాక తండ్రే మొయ్యాలె. ఏ పెద్దలు ఉన్నా సరే, ఎవరి ముంగటైనా సరే. వేరేటోళ్ల చేతికి ఇచ్చేది లేదు!"

అలాంటి కానూను ఎక్కడా లేదు. రిజిస్టరులో ఆ పేజీలో ఎద్దుల దాణా రాసి ఉంది.

పెద్దాయన నన్ను చూశాడు, లింగయ్యను చూశాడు. "గిదేం కానూను సారూ? మా ఇంటా వంటా లేదు."

డేరా ముందు కుర్చీలో అమీన్ సాబు కూర్చుని ఉన్నాడు. ఆయనకు అంతా వినపడింది. నా ఉద్యోగం ఇవాళతో సరి అనుకున్నాను. ఆయన లేచి, కోటు సర్దుకుని, తెలుగులోనే అన్నాడు.

"ఔను. ఎత్తుకోకపోతే జేలు."

పెద్దాయన రెండు చేతులూ జోడించాడు. "ఇంక సూస్తవేందిరా? ఎత్తుకో! సర్కారు హుకుం!" అని తమ్ముడి కొడుకును కసిరాడు.

లింగయ్యకు ఎత్తుకోవడం రాదు. గొర్రెపిల్లను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. "గట్ల కాదురా, నడుం కింద చెయ్యి వెట్టు," అని నర్సవ్వ చేతులు సర్దింది. పిల్లవాడు మళ్లీ గుక్కపట్టాడు. తండ్రి ముఖం మీద కొట్టాడు. కొట్టి కొట్టి చివరికి తండ్రి రుమాలు దొరకబుచ్చుకుని, "మూలా" అంటూ లాగి కింద పారేశాడు. అప్పుడు కొంచెం ఊరుకున్నాడు. ఆ రుమాలు పెద్దాయనే వంగి తీసుకున్నాడు.

నేను పెద్దాయన ముందే లింగయ్యతో అన్నాను. "నీ మీద చెయ్యి చేసుకున్న. తప్పు నాదే. మాఫ్ చెయ్యి."

"పోనియ్యిండ్రి సారూ," అన్నాడు లింగయ్య. "నా కొడుకు కోసమే గద కొట్టిండ్రు."

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడ ఒకటి చెప్తాను. మీ పద్ధతి ఎంత మంచిదైనా, మనిషిని ఎవరి పక్కన నిలబెట్టి అడుగుతున్నారో చూసుకోండి. ఎదుటివాడికి తెలియదని తేల్చే ముందు, చెప్పలేకపోతున్నాడేమో చూడండి. చెయ్యి మాత్రం లేపకండి. మాఫీ అడిగినా ఆ దెబ్బ వెనక్కి రాదు. నాకిప్పటికీ రాలేదు.

రుమాలును మా ఇంట్లో ఆ ఏటి నుంచి మూలా అనే అంటున్నాం. దంకిలి పోయి కరెంటు వచ్చింది గానీ మూలా అలాగే ఉంది. నా మనవడికి అది పాలమూరు దిక్కు నుంచి వచ్చిన మాటని తెలియదు. వాడూ పోలీసు టోపీని మూలా అనే అంటాడు.

మరుసటి ఏడు

మరుసటి జాతరలో డేరా ఇంకా పూర్తిగా వేయనే లేదు, గుంజలు పాతుతున్నాం. తెల్ల మీసాల పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"రాసుకో సారూ," అన్నాడు.

"ఏం రాసుకోవాలె పెద్దయ్యా? పోరడు మళ్ల తప్పిపోయిండా?"

"తప్పిపోలె. బండికాడ ఉన్నడు. ముందే చెప్పిపోతున్న. పోయినేడు ఒక్కటి చెప్పరాక ఇజ్జత్ పోయె." గొంతు సవరించుకుని, గొర్ల లెక్క చెప్పినట్టు మొదలుపెట్టాడు. దొందడి, ఈయి, బెయ్యం, దొయ్యెపిల్ల, మూలా. పదకొండు మాటలు చెప్పాడు. నర్సవ్వ గుంజ పట్టుకుని నవ్వుతూనే ఉంది. "నన్ను పెద్దతాత అనరాక తెద్దాత అంటడు. మా ఆడోళ్లు గూడ గట్లనే పిలుస్తున్రు. నాకు గూడ అలవాటయ్యింది."

"లింగయ్యను ఏమంటడు?" అని అడిగాను. ఆ మాట కోసం ఏడాదంతా ఎదురుచూశానని ఆయనకు తెలియదు.

"ఇంట్ల మేమంత లింగా అంటం. వాళ్లమ్మ నాయిన అనుమని నేర్పె. వాడు రెండు కలిపి నాయింగ అంటడు. ఇప్పుడు ఊరంత వాన్ని నాయింగ అనే అంటరు."

దూరంగా బండి దగ్గర లింగయ్య నిలబడి ఉన్నాడు. కొడుకు భుజం మీద కూర్చుని తండ్రి రుమాలు విప్పుతున్నాడు. పెద్దనాయిన చూస్తున్నాడని తెలిసినా దింపలేదు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

పెద్దాయన వెళ్లబోయి వెనక్కి తిరిగాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"సారూ, గా కానూను ఇంక నడుస్తున్నదా?"

"ఏ కానూను?"

"అదే, తండ్రే ఎత్తుకోవాలనేది. ఊరికి పోంగనే చావడిల అందరికి చెప్పిన. ఇప్పుడు మా ఊర్లె పోరగాండ్లున్న మొగోళ్లంత ఎత్తుకుంటున్రు. మాసొంటి పెద్దలు ఏమన్న అనవోతె, సర్కారు హుకుం, జేలంట, అంటున్రు. అందుకే అడుగుతున్న. ఉన్నదా, తీసేసిండ్రా?"

అమీన్ సాబు అప్పటికి బదిలీ అయి వెళ్లిపోయాడు. జవాబు నేనే చెప్పాలి.

"ఉన్నది పెద్దయ్యా," అన్నాను. "పక్కాగ ఉన్నది."

నా ఉద్యోగంలో చాలా కానూన్లు అమలు చేశాను. కొన్ని మంచివి. కొన్ని చేయకుండా ఉండాల్సినవి. అవన్నీ ఎవరెవరో రాసినవి. నాది అని చెప్పుకునేది ఇదొక్కటే. నిజాం సర్కారు పోయింది, ఉర్దూ రిజిస్టర్లు పోయాయి. ఆ కానూను రద్దయిందని మాత్రం ఆ ఊరికి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. మీలో ఎవరికైనా ఆ దిక్కు బదిలీ అయితే, మీరూ చెప్పకండి.